వర్ధా నది అవతల నా ఆంప్లిఫైయర్

ఆ ఏడాది నేను ఒక్క పాట కూడా చివరిదాకా వినలేదు. పాట మొదలయ్యేది, పాడే మనిషి మొదటి చరణంలోకి వచ్చేది, అంతలో నేను కుర్చీలోంచి లేచేదాన్ని. ఎడమ వైపు స్పీకర్‌ను బెత్తెడు వెనక్కి జరిపి మళ్లీ మొదటి నుంచి పెట్టేదాన్ని. కిటికీకి పరదా వేసి మళ్లీ మొదటి నుంచి. మా ఆయన పక్క గదిలో పిల్లల జవాబు పత్రాలు దిద్దుకుంటూ, "గా పాటకు ఎనక సగం లేదా ఏంది?" అని అడిగేవారు. నేను అప్పటికే స్పీకర్ వెనక నేల మీద కూర్చుని తీగలు విప్పుతూ ఉండేదాన్ని.

నాది మహారాష్ట్రలోని చంద్రపూర్ విద్యుత్ కేంద్రంలో ఇంజనీరు ఉద్యోగం. టర్బైన్ల హోరులో పక్క మనిషితో మాట్లాడాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి. డ్యూటీ దిగి ఇంటికొచ్చాక కూడా ఆ హోరు తలలో చాలాసేపు తిరుగుతూనే ఉండేది. దాన్ని కడిగేయడానికి ఏదో ఒక సన్నటి శబ్దం కావాలనిపించేది. అట్లా మొదట వాల్వుల ఆంప్లిఫైయర్ ఒకటి ఇంట్లోకి వచ్చింది. గాజు బుడ్డీల్లాంటి వాల్వులు, లోపల చిన్న ఎర్రటి వెలుగు, పైన చెయ్యి పెడితే రొట్టెల పెనంలాగా వేడి. నా పాత చిన్న స్పీకర్లతో అది మెత్తగా, మనసుకు దగ్గరగా పలికేది. అక్కడితో ఆగి ఉంటే నా కథ కూడా ఆగిపోయేది.

ఒకసారి నాగపూర్‌లో ఒక షాపులో నా ఛాతీ ఎత్తున్న పొడుగాటి స్పీకర్లు విన్నాను. పాడే ఆమె మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకోవడం వినిపించింది. ఆ ఊపిరి కోసమే వాటిని ఇంటికి తెచ్చుకున్నాను. తీరా నా ఆంప్లిఫైయర్‌కు తగిలిస్తే అదే మనిషి దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టుంది. మృదంగం మీద దెబ్బ పడ్డచోట గుంట పడినట్టు శబ్దం లోపలికి కుంగేది. ఎందుకో నాకు తెలుసు. ఆ స్పీకర్లు కరెంటు గట్టిగా లాగే రకం. షాపులో వాటి వెనక దున్నపోతంత ట్రాన్సిస్టర్ ఆంప్లిఫైయర్ ఉంది. నా వాల్వులది అంత బలం కాదు. తెలిసి కూడా, గదిలో ఎక్కడో ఒక చోట అవి రెండూ కుదురుతాయని రోజూ స్పీకర్లను ఆ గోడ నుంచి ఈ గోడకు మోసేదాన్ని.

పైగా ఎండాకాలం వచ్చింది. మా ఊరి మే నెలలో కూలర్ లేకుండా గదిలో కూర్చోవడం కష్టం. కూలర్ వేస్తే పాట వినపడదు. కూలర్ ఆపితే గదిలో ఎండ ఒక పక్క, వాల్వుల సెగ ఒక పక్క. ఒళ్లంతా చెమటతో కూర్చుని, "మృదంగం ఇప్పుడు జర నయం గదా?" అని మా ఆయనను అడిగేదాన్ని. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, "నాకు నువ్వు నయమైతే చాలు," అనేవారు.

ఆ రోజుల్లోనే వర్ధా నది అవతల రాజురాలో అత్తగారింటికి పోయినప్పుడు పన్ను నొప్పి లేచింది. ఆ వీధిలోనే ఒక పళ్ల డాక్టరు ఉన్నాడు. మా తెలుగువాళ్లే, విరూర్ దగ్గరి పల్లెలో వ్యవసాయం చేసుకునే కుటుంబం. ఇంటి ముందు గదిలో దవాఖానా, ఆ వెనక గదిలో ఆయన ఒక్కడే ఉంటాడు. సూది మందుతో సగం మొహం మొద్దుబారి, నోరు తెరుచుకుని కుర్చీలో పడుకుని ఉన్నాను. లోపలి గదిలోంచి పాట వస్తోంది. గొంతు నిజంగా అక్కడ మనిషి నిలబడి పాడుతున్నట్టుంది. కానీ ఆ పాట వెనక ఏదో సుయ్‌మంటోంది.

డాక్టరు చెయ్యి తీయగానే అడిగాను. "లోపల ఏం స్పీకర్లు?"

పెదవి తిరగక మాట ముద్దగా వచ్చింది. ఆయనకు రెండోసారి చెప్తే గానీ అర్థం కాలేదు. "ఇనిపిస్తున్నదా మేడం మీకు?"

"పాట ఇనిపిస్తున్నది. పాట ఎనక సుయ్‌మనేది గూడ ఇనిపిస్తున్నది."

ఆయన చేతిలో పరికరం ట్రేలో పెట్టేశాడు. "గదే నా పరేషాన్. ఇంటికొచ్చినోళ్లకు ఎవలకూ ఇనపడదు. నాకే పిచ్చి లేసిందనుకున్న."

పన్ను పని పూర్తయ్యాక లోపలికి తీసుకుపోయాడు. గోడకు రెండు వైపులా బీరువాలంత టేకు పెట్టెలు, వాటిలోంచి నోరు తెరిచిన కొమ్ముల్లా హారన్ స్పీకర్లు. చదువుకునే రోజుల్లో సెలవులకు వచ్చినప్పుడల్లా వడ్రంగితో కలిసి తన చేతులతో చేశాడట. అట్లాంటి స్పీకర్లకు కొంచెం కరెంటు చాలు, గది నిండా పలుకుతాయి. ఆయన మాత్రం వాటి వెనక నాగపూర్ షాపులో నేను చూసినదానిలాంటి భారీ ఆంప్లిఫైయర్ పెట్టాడు. అంత బలమైనదాని లోపల ఏ మూలో ఉండే చిన్న రొద కూడా ఆ కొమ్ముల్లోంచి పెద్దదై బయటికొస్తోంది.

నా ఇంటి సంగతి చెప్పాను. నాకు కావలసింది ఆయన దగ్గరుంది, ఆయనకు కావలసింది నా దగ్గరుంది.

"మార్చుకుందామా?" అన్నాడు డాక్టరు. "కొన్ని దినాలు. ఉత్తగ చూద్దాం."

స్పీకర్లు మోయడం అయ్యే పని కాదు, ఆంప్లిఫైయర్లే మార్చుకుందామనుకున్నాం. తర్వాతి ఆదివారం నా వాల్వులదాన్ని బొంతలో చుట్టి, కారు వెనక సీటులో పసిపిల్లను పడుకోబెట్టినట్టు పెట్టి, వర్ధా వంతెన దాటించి రాజురాలో దింపాను. డాక్టరుదాన్ని మా ఆయనా నేనూ కలిసి రెండో అంతస్తు దాకా మోసుకొచ్చాం. తగిలించి పాట పెట్టాను. ఊపిరి వినిపించింది. మృదంగం వేళ్లు వేరువేరుగా వినిపించాయి. గదిలో ఒక్క లోపం లేదు.

నేనే కుదురుగా లేను. ఇంత బాగా పలుకుతుంటే నా మనసంతా రాజురాలో ఉంది. డాక్టరు దాని మీద బట్ట గిట్ట కప్పాడా? గాలి ఆడేలా పెట్టాడా? లంచ్ టైములో ఫోన్ చేసేదాన్ని. "వేడి ఎక్కువైతున్నదా డాక్టర్ సాబ్?" ఆయన కూడా చేసేవాడు. "మేడం, నా మిషిన్ స్విచ్ గట్టిగ నొక్కకుండ్రి, జర నాజూకుది." సుయ్‌మనే చప్పుడు పోయిందట. తన స్పీకర్లు ఇన్నాళ్లకు తన స్పీకర్లలా పలికాయట. ఆ మాట చెప్పే గొంతులో సంతోషం కంటే ఆరాటమే ఎక్కువ వినిపించింది.

వానలు పట్టుకున్నాయి. వర్ధా పొంగి వంతెన మీదికి నీళ్లు ఎక్కాయి, రాజురా దారి మూసేశారు. ఆ రోజే ఫోన్ వచ్చింది.

"మేడం, ఒక వాల్వ్ ఎలుగుత లేదు. నేనేం జెయ్యలే, ఒట్టు."

"బందు జెయ్యుండ్రి. ముట్టకుండ్రి. నేనొచ్చేదాకా గట్లనే ఉంచుండ్రి."

"ఎట్లొస్తరు? తొవ్వ లేదు గదా."

తొవ్వ లేదని తెలిసినా ఇంట్లో ఉండలేకపోయాను. మా ఆయనను బయల్దేరదీసి బల్లార్‌పూర్ దాటి వంతెన దాకా పోయాను. అడ్డంగా పోలీసుల బారికేడ్లు, అటు పక్క మట్టిరంగు నీళ్లు, వాటిలో కొట్టుకుపోతున్న కొమ్మలు, గడ్డి. గొడుగు కింద నిలబడి అవతలి ఒడ్డుకేసి చూస్తున్నాను. మా ఆయన చాలాసేపు ఓపిక పట్టారు.

"గది మిషిన్," అన్నారు. "మనిషి గాదు."

"ఎరుకే."

"ఎరుకైతే ఇంటికి పోదాం పా. తడుస్తున్నవు."

నీళ్లు తగ్గి దారి తెరిచేదాకా నేను ఆఫీసులో కూడా ఒక చోట కూర్చోలేదు. తెరిచిన పూటే పోయాను, డాక్టరు ఆంప్లిఫైయర్‌ను కూడా కారులో పెట్టుకునే పోయాను. వాల్వుకు ఏమీ కాలేదు. కింద గుచ్చే సన్నటి కాళ్ల దగ్గర కొంచెం వదులైంది, అంతే. నొక్కితే వెలిగింది. ఆ ఎరుపు చూడగానే అక్కడే గడప మీద కూలబడ్డాను. డాక్టరు కూడా తన ఆంప్లిఫైయర్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఎవరిది వాళ్లం తీసేసుకున్నాం. నా ఇంట్లో మళ్లీ దుప్పటి కప్పుకున్న పాట, ఆయన ఇంట్లో మళ్లీ సుయ్‌మనే చప్పుడు.

చలికాలం మొదట్లో ఆయన మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి గొంతు వేరేగా ఉంది. పల్లెలో ఉన్న తల్లి చేను గట్టు మీద జారిపడి తుంటి ఎముక విరిగిందట. ఆపరేషన్ అయింది, రాజురాకు తీసుకొస్తున్నాడు. మంచం వేయడానికి ఆ వెనక గది ఒక్కటే ఉంది.

"నా పెట్టెలు ఆడ పట్టయి మేడం. మీయి సన్నగున్నయి, మూలకు నిలబడ్తయి." అన్నాడు. "స్పీకర్లు మార్చుకుందాం. ఈసారి వాపస్ లేదు."

అంత పెద్ద పెట్టెలు మా ఇంట్లో పడతాయా లేదా అని కొలవకుండానే సరే అన్నాను. టెంపోలో ఆయన కూడా వచ్చాడు. హమాలీలు మెట్ల మలుపు దగ్గర పెట్టెను నిలువుగా లేపితే ఒక అంచు గోడకు రాసుకుంది. ఆయన చటుక్కున ముందుకొచ్చి గోడకూ పెట్టెకూ మధ్య తన చెయ్యి పెట్టాడు. వేళ్ల తోలు లేచింది. "ఏం గాలే, పోనీయుండ్రి," అన్నాడు హమాలీలతో. సోఫా ఒకటి మా మరిదింటికి పంపిస్తే గానీ రెండో పెట్టెకు చోటు దొరకలేదు. మా ఆయన కుర్చీ వంటింటి గుమ్మంలోకి పోయింది. ఆయనేమో డాక్టరు వేళ్లకు పట్టీ చుడుతూ కూర్చున్నారు.

నా వాల్వులు ఆ కొమ్ములకు తగిలించి పాట పెట్టాను. గోడలు కదిలిపోయాయని చెప్పను. పెద్ద చప్పుడే లేదు అసలు. ఒక మనిషి గదిలోకొచ్చి, మాకు కాస్త దూరంలో నిలబడి, తొందర లేకుండా పాడింది. డాక్టరు సగం పాట విని లేచాడు. టేకు మీద గీత పడ్డచోట బొటనవేలితో రుద్దాడు.

"చాయ్ పెడుతున్న, కూసోండ్రి," అన్నాను.

"లేదు మేడం. అమ్మ ఒక్కతె ఉన్నది." మెట్లు దిగుతుంటే వెనక్కి చూడలేదు.

ఒక వారం పోయాక ఆమెను చూడడానికి రాజురా వెళ్లాం. నా పొడుగాటి స్పీకర్లు మంచానికి రెండు పక్కలా నిలబడి ఉన్నాయి, గోడకు మరీ దగ్గరగా. డాక్టరు పాట పెట్టాడు. నాగపూర్ షాపులో నేను విన్న ఊపిరి అక్కడ వినిపించింది. ముసలామె తల తిప్పి విన్నది. "మంచిగనే పాడుతున్నది బిడ్డా. జర సేపు బందు జెయ్యి, గీ అమ్మ వచ్చింది గదా, మాట్లాడుకుంటం," అంది. ఆయన ఆపేశాడు. ఆమె పత్తి గురించి, పడ్డ రోజు గురించి చెప్తుంటే నేను వింటూనే, చెయ్యి చాచి దగ్గరున్న స్పీకర్‌ను గోడ నుంచి కొంచెం ఇవతలికి లాగాను. డాక్టరు చూశాడు. రెండో దాన్ని కూడా అంతే ఇవతలికి లాగాడు.

నేను మారిపోయానని అనలేను. ఇప్పటికీ పాట మధ్యలో లేస్తుంటాను, కాకపోతే తక్కువ. ఫోన్‌లో వాల్వుల బొమ్మలు చూస్తుంటే మా ఆయన దగ్గుతారు. ఆ మధ్య రాజురా నుంచి వచ్చినవాళ్ల చేతికి డాక్టరు ఒక సీసా ఇచ్చి పంపాడు. కర్రకు పూసే నూనె. చలికాలంలో టేకు ఎండిపోయి పగులు పడుతుందట, నెలకోసారి పాత నూలు బట్టతో, కర్ర చార వెంబడే రుద్దాలట. మొన్న ఆదివారం రుద్దుతూ ఉండగా ఆయన ఫోన్ చేశాడు. తల్లి గోడ పట్టుకుని నాలుగడుగులు వేసిందని చెప్పాడు. ఆ తర్వాత, వాసన చూశారా, నూనె మంచిదేనా అని అడిగాడు. మంచిదేనని చెప్పి, రెండో పెట్టె వైపు జరిగాను.