అయ్యవారు వచ్చేలోగా

బళ్ళారిలో బి.ఏ.లో చేరినప్పుడు నేను తీసుకున్న సబ్జెక్టుల్లో మత అధ్యయనం ఒకటి. చరిత్ర గురించీ కన్నడం గురించీ మా ఊరు మోకలో ఎవరూ ఏమీ అడగలేదు. దీని గురించి మాత్రం మా వీధంతా అడిగింది. మంత్రాలు నేర్పుతారా అని ఒకరు, జాతకాలు చూస్తారా అని ఇంకొకరు. మా పొలం పక్క రైతు కూతురి పెళ్ళికి ముహూర్తం పెట్టమన్నాడు. మాకు పూజలు చేయడం నేర్పరనీ, మనుషులు వాటిని ఎట్లా చేస్తారో, ఎందుకు చేస్తారో తెలుసుకుంటామనీ అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. మా అవ్వ అంతా విని, "అంటే చేసేవాళ్ళను సూస్తా కూచునేదా? దానికి మూడేండ్లా?" అంది.

రెండో ఏడు మా మేడం ఒక పని ఇచ్చింది. ఇంట్లోనో, బంధువుల ఇంట్లోనో జరిగే ఏదైనా ఆచారాన్ని దగ్గరుండి చూసి వ్యాసం రాయాలి. కనిపించింది రాయండి, ముందే తెలుసనుకున్నది రాయకండి అని ఆమె మరీ మరీ చెప్పింది. అదే నెలలో కూరెకుప్పలో మా అత్తావాళ్ళ గృహప్రవేశం వచ్చింది. మామ తోరణగల్లు స్టీల్ ప్లాంట్‌లో పని చేస్తాడు. ఎన్నో ఏళ్ళు అద్దె గదుల్లో ఉండి, చివరికి సొంతంగా రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు. ఒక మూల కూర్చుని, ఎవరికీ అడ్డం రాకుండా అంతా చూసి రాసుకుందామని నేను అవ్వతో కలిసి వెళ్ళాను.

పొద్దున్నే అంతా సిద్ధమైంది. గుమ్మానికి మామిడాకులు కట్టారు. పక్క వీధి నుంచి ఆవును తోలుకొచ్చారు. రావలసింది అయ్యవారు ఒక్కరే. ఆయన బళ్ళారి నుంచి బస్సులో వస్తూ, దారిలో ఖనిజం లారీలు ఆగిపోయాయని ఫోన్ చేశాడు. బస్సు ముందుకూ పోవడం లేదు, వెనక్కీ పోవడం లేదు. మామతో పాటు కంపెనీ బస్సులో పనికి వెళ్ళే స్నేహితుడొకాయన, అయ్యవారిని తీసుకురమ్మని తన తమ్ముణ్ణి బైకు మీద పంపించాడు. ముహూర్తం దాటితే రాహుకాలం. పెద్దవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు అత్త చూపు మూలనున్న నా మీద పడింది.

"పాపా, నువ్వు సదివేది ఇదే గదా. రా, మొదలుపెట్టు."

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. చేసేది మాకు నేర్పలేదత్తా అన్నాను.

"రెండేండ్ల నుంచి మరి ఏం నేర్పినారు?"

అత్త కోపంగా అడగలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. అందరూ నవ్వారు. గడప గురించి మా పుస్తకాల్లో చాలా ఉంది. గడప దాటడమంటే మనిషి ఒక స్థితి నుంచి మరో స్థితికి మారడమని పరీక్షలో రెండు పేజీలు రాశాను. ఏ కాలు ముందు పెట్టాలో మాత్రం అందులో లేదు.

నాకు వచ్చింది ఒక్కటే, అడగడం. అందుకని, మీరు మీ ఇళ్ళలో చేరినప్పుడు ముందు ఏం చేశారని అక్కడున్న వాళ్ళనే అడిగాను. మొదట దీపం అంది అవ్వ. పక్కింటి కన్నడం ఆవిడ ఒప్పుకోలేదు. ముందు నీళ్ళు నిండిన కడవ లోపలికి రావాలి, ఆ తర్వాతే ఏదైనా అంది. మామ స్నేహితుడు ముస్లిం. తమ ఇంట్లో మొదట ఖురాన్‌లోని ఫాతిహా చదివించామని చెప్పి, మామ వైపు తిరిగి, "పాలు పొంగేది మాత్రం మాకూ ఉండాదప్పా. పొంగకుంటే మా అమ్మ లోపలికి రాను అనింది" అన్నాడు. దాంతో మాటలు పెరిగాయి. ఆవు ముందా, అత్త ముందా అని కాసేపు వాదన నడిచి, చివరికి ఆవునే ముందు పంపాలని తేలింది.

ఆ తర్వాత ఎవరూ కాదనని సంగతులు మూడే మిగిలాయి. కడవ, దీపం, పాలు. ఈ మూడూ ఇప్పుడు చేసేద్దాం, తక్కినవి అయ్యవారు వచ్చాక చేస్తారు అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. వాళ్ళు వెంటనే ఒప్పుకోవడం ఇంకా వింతగా అనిపించింది.

ఆవు మాత్రం ఒప్పుకోలేదు. కొత్త టైల్స్ మీద కాలు జారి వెనక్కి తగ్గింది. మామ స్నేహితుడి భార్య గోనెసంచి తెచ్చి పరిచింది. ఆవు ముందుకాళ్ళు రెండూ లోపల పెట్టి, ఇల్లంతా ఒకసారి చూసి, గుమ్మానికి వేలాడుతున్న మామిడాకులు నాలుగు తిని వెనక్కి తిరిగింది. "వచ్చింది గదా, ఆయ్తు" అని అవ్వ ఆ తంతు అయిపోయినట్టే తేల్చేసింది.

అత్త కడవ మోసుకుంటూ, మామ దీపం పట్టుకుని లోపలికి వెళ్ళారు. పొయ్యి మీద పాలగిన్నె చుట్టూ అందరం మూగి నిలబడ్డాం. పాలు అంచు దాకా వచ్చి, కాస్త ఆగి, ఒక్కసారిగా పొంగాయి. అత్త కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నేను చప్పట్లు కొడుతున్నానని కాసేపటికి గానీ నాకు తెలియలేదు. పెన్ను ఎక్కడ పెట్టానో గుర్తే లేదు.

తర్వాత కాసేపటికి అయ్యవారు బైకు దిగాడు. తెల్లటి పంచె ఖనిజం దుమ్ముతో ఎర్రగా మారింది. అత్త భయపడుతూనే జరిగిందంతా చెప్పింది. ఎవరు చేయించారని ఆయన అడిగితే అందరూ నన్ను చూపించారు. ఆయన నా వైపు చూసి, పాలు పొంగాయా అని అడిగాడు. పొంగాయన్నాను.

"ఇంకేం మరి. మిగిలింది నేను సూసుకుంటా. ముందు కాళ్ళకు నీళ్ళియ్యండి."

హోమం దగ్గర నన్ను పక్కనే కూర్చోబెట్టుకుని, ఒక్కొక్కటీ ఏమిటో చెబుతూ చేశాడు. ఎందుకని అడిగితే కొన్నిటికి కారణం చెప్పాడు. కొన్నిటికి, తన తండ్రి ఇట్లాగే చేసేవాడు, తానూ చేస్తున్నానన్నాడు. రెండూ రాసుకున్నాను.

క్లాసులో ఇదంతా చదివి వినిపిస్తే, నువ్వు అక్కడ చూసేదానివా, చేసేదానివా అని మేడం అడిగింది. చూద్దామనే వెళ్ళాను మేడం, మా అత్త చూడనివ్వలేదు అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆమె కూడా నవ్వి, వ్యాసం ఆ మాటతోనే మొదలుపెట్టమంది. అట్లాగే తిరగరాసి ఇచ్చాను. మార్కులు బాగానే వచ్చాయి.

ఆ ఏడు రంజాన్‌కు మామ స్నేహితుడి ఇంటివాళ్ళు నన్ను పిలిచారు. అడగాల్సిన ప్రశ్నలన్నీ ముందే అనుకుని వెళ్ళాను. లోపల అడుగుపెట్టగానే ఆయన భార్య నా చేతికి కత్తిపీట ఇచ్చి, ఉల్లిగడ్డల కుప్ప ముందు కూర్చోబెట్టింది. కళ్ళ నీళ్ళు కారుతుండగానే ఒక్కో ప్రశ్నా అడిగాను. ఆమె సేమ్యా వేయిస్తూ అన్నిటికీ జవాబు చెప్పింది.