తిట్టడానికో టాబ్లెట్

పిడుగురాళ్లలో లారీ స్పేర్ పార్టుల షాపు నడిపే అన్సార్ భాయ్‌ది ఒకటే సిద్ధాంతం. లోకంలో ఏ తప్పు జరిగినా అది ఏదో ఒక యంత్రం చేసిందే. మనుషులు కూడా తప్పులు చేస్తారన్న సంగతి ఆయనకింకా ఎవరూ చెప్పినట్టు లేదు.

భార్య షాహీన్ బిర్యానీ మాడ్చేస్తే గ్యాసు స్టవ్వును నానా తిట్లూ తిట్టాడు. కొడుకు తౌఫీక్ లెక్కల్లో తప్పితే కాలిక్యులేటర్ని గోడకేసి కొట్టాడు. గుమాస్తా నిద్రపోయి షాపు ఆలస్యంగా తెరిస్తే షట్టర్ని కాలితో తన్నాడు. కాలు వాచింది. ఎముక చిట్లినట్టు ఎక్స్‌రేలో కనిపించేసరికి ఆ ఎక్స్‌రే మిషన్ని తిట్టుకుంటూ కుంటుతూ ఇంటికొచ్చాడు.

ఇలాంటి మనిషి ఒకరోజు ప్రవీణ్ కుమార్ సెల్‌ఫోన్ల షాపులో అడుగుపెట్టాడు. ప్రవీణ్ కుమార్‌కి తన సరుకంటే ప్రాణం. తన షాపులో కొన్న వస్తువు చెడిపోయిందని ఎవరన్నా అంటే అన్నం సహించదు.

"ప్రవీణూ, సిగ్నల్ లేనికాడ గూడా దారి చూపిచ్చే టాబ్లెట్ ఒకటి గావాలి" అన్నాడు అన్సార్.

ఆదివారం వస్తే పాత జీపు తీసుకుని మాచర్ల అవతల గుట్టల్లో, రోడ్డనేది లేని చోట తిరగడం ఆయన సరదా. అక్కడ ఫోన్లు మూగబోతాయి.

"దానికేంది భాయ్! మ్యాపు ముందే దింపి పెడతా. లోపల జీపీఎస్ ఉంటే సిగ్నల్‌తో పనే లేదు. గుట్టల్లో వదిలేసినా ఇంటికి తోలుకొచ్చుద్ది."

"కొడితే ఏమవుద్ది?"

"దేన్ని?"

"టాబ్లెట్‌నే."

"ఎందుకు కొట్టడం?"

"కొట్టాల్సొచ్చిద్దిలే" అన్నాడు అన్సార్, అదేదో బ్యాటరీ గురించి అడిగినంత మామూలుగా.

కిందపడ్డా పగలనిది, దుమ్ము దూరనిది, మధ్యాహ్నం ఎండలోనూ తెర స్పష్టంగా కనబడేది చూసి ఇచ్చాడు ప్రవీణ్ కుమార్. సోమవారం పొద్దున్నే అది తిరిగొచ్చింది.

"దారి చూపియ్యలేదా?"

"చూపిచ్చింది."

"తప్పు చూపిచ్చిందా?"

"కరెక్టుగా చూపిచ్చింది. అదే గొడవ. మలుపు తప్పారు, వెనక్కి తిరగండి, మలుపు తప్పారు అని ఒకటే నస. దీనికి నోరెక్కువ."

"నోరు నొక్కేయొచ్చు భాయ్, ఇదిగో ఈ బటన్..."

"వద్దు. దాని బుద్ధే మంచిది గాదు."

రెండోది నోరులేనిది ఇచ్చాడు. దారి తప్పితే గీత ఎర్రబడుతుంది, అంతే. అదీ తిరిగొచ్చింది. "మనిషిని పట్టుకోని ఎర్రగా ఉరిమి చూస్తంది" అన్నది ఈసారి ఫిర్యాదు. ప్రవీణ్ కుమార్ ఈ కథ వీధి వీధంతా చెప్పి నవ్వించాడు. పక్క టీకొట్టులో అన్సార్ కనబడితే చాలు, "మలుపు తప్పారు భాయ్" అనడం అందరికీ అలవాటైంది. అన్సార్ మాత్రం టీ చల్లగా ఉందని ఫ్రిజ్జును తిడుతూ కూర్చునేవాడు.

మూడోసారి ఆయనే అద్దాల అరలో వేలు పెట్టి చూపించాడు. "అదియ్యి."

"అది పిల్లకాయలు బొమ్మలు చూసుకునేది భాయ్! సిమ్ము లేదు, జీపీఎస్ లేదు. మ్యాపు కనబడుద్ది గానీ మనమెక్కడున్నామో దానికి తెలవదు."

"అసలు తెలవదా?"

"ఒట్టు."

అన్సార్ మొహం వెలిగిపోయింది. "ఇదే గావాల్సింది!"

ప్రవీణ్ కుమార్‌కి తల తిరిగింది. ఈ మనిషి గుట్టల్లో ఏం చేస్తాడో కళ్లారా చూసి, వీధికి కొత్త కథ తెచ్చిపెడదామని మరుసటి ఆదివారం తనూ జీపెక్కాడు. జేబులో తన ఫోనుంది, అందులో మ్యాపూ ఉంది.

మాచర్లలో ఒక ఇంటి ముందు జీపాగింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఓ ముసలాయన అరుగు మీద తయారుగా కూర్చుని ఉన్నాడు. కోటయ్య. ఒకప్పుడు ఈ గుట్టల ఊళ్లకి సర్వీసు జీపు తోలినవాడు. వచ్చి ముందు సీట్లో దర్జాగా కూర్చున్నాడు.

"పోనీ రా అన్సారూ. వెల్దుర్తి దాటినాక నేను చెప్తా."

డాష్‌బోర్డు మీద టాబ్లెట్ వెలుగుతోంది. అందులో నీలం చుక్క పిడుగురాళ్లలో ప్రవీణ్ కుమార్ షాపు ముందు నిలబడి కదలనంటోంది.

వెల్దుర్తి దాటాక ఎర్రమట్టి బాట రెండుగా చీలింది.

"కుడికి" అన్నాడు కోటయ్య. "ఆడ పెద్ద చింతచెట్టుండిద్ది."

చింతచెట్టు లేదు. ఫోన్లో చూస్తే దారి ఎడమకి. ప్రవీణ్ కుమార్ నోరు తెరవబోయాడు. అన్సార్ అద్దంలోంచి ఒక్క చూపు చూశాడు. నోరు మూతపడింది. జీపు ముళ్లకంపల్లోంచి ఎగిరెగిరిపడుతూ పోయి, ఒక దిబ్బ ముందు ఠక్కున ఆగింది. దిగి దిబ్బెక్కి చూస్తే అవతల నాపరాళ్ల క్వారీ గుంత, నిలువునా నోరు తెరుచుకుని ఉంది.

గుంత కనబడకముందే బ్రేకు పడిందని ప్రవీణ్ కుమార్‌కి అప్పుడు తట్టింది.

కోటయ్య మొహంలో రక్తం లేదు. "ఈడ దారుండేదిరా..." అన్నాడు. "ఈణ్నుంచేగా మనం..."

అన్సార్ గబగబా జీపు దగ్గరికెళ్లి టాబ్లెట్‌ని ఫెడీమని కొట్టాడు. "దరిద్రపు డబ్బా! కుడికంటే కుడికే అని ఇదీ చూపిచ్చింది మావా! దీన్ని నమ్మి చూసుకోకుండా తోల్నా!"

కోటయ్య తేరుకున్నాడు. "అంతేనా? నేననుకుంటానే ఉన్నా. ఆ డబ్బా మొహం చూస్తేనే తెలవట్లా?" అని తనూ దిబ్బ దిగొచ్చి దానికో మొట్టికాయ వేసి, చుట్టుదారి చూసొస్తానని గట్టెమ్మట నడిచాడు.

"భాయ్, నీకు ఈ దారి తెలుసుగా?" అన్నాడు ప్రవీణ్ కుమార్, మెల్లగా.

"తెలవకేంది? ఈ గుట్టల్లో నాకు స్టీరింగు పట్టిచ్చిందే ఆయన." అన్సార్ తెర మీది దుమ్ము తుడిచాడు. "ఈమధ్య మావకి దారులు కలగాపులగం అవతన్నయ్. పెళ్లికి పోతా తప్పు మలుపు చెప్పాడని, నీకు మతిపోయింది ఇంట్లో పడుండమని కొడుకు బస్సు నిండా జనంలో అన్నాడు. అప్పట్నుంచి గడప దాటలా. నేను రమ్మంటే, దారి చూపిచ్చేటట్టయితేనే వస్తానన్నాడు. ఇంక నువ్విచ్చిన మంచి టాబ్లెట్లు, తప్పు తప్పని ఆయన మొహం మీదే అరుస్తయ్యే!"

ప్రవీణ్ కుమార్ వీధికి మోసుకుపోదామనుకున్న కథ చేతిలోనే చల్లారిపోయింది.

కోటయ్య వెనక్కొచ్చాడు. నడకలో హుషారు తిరిగొచ్చింది. "ఇంతకీ ఈ డబ్బా అమ్మినోడెవడ్రా?"

"ఈడే మావా" అన్నాడు అన్సార్, ఏమాత్రం మొహమాటం లేకుండా.

"ఏందయ్యా ఇది? పనికిమాలిన సరుకమ్మి మనుషుల్ని గుంతల్లో తోయిస్తావా? మీ షాపంతా ఇంతేనా?"

ప్రవీణ్ కుమార్ చెవులు ఎర్రబడ్డాయి. గొంతు దాకా వచ్చిన జవాబు ముసలాయన నిటారుగా నిలబడ్డ తీరు చూసి ఆగిపోయింది.

"అంతే తాతా" అన్నాడు. "మా షాపులో ఏదీ సరిగ్గా పనిచెయ్యదు."

"సర్లే, ఎక్కు. దారెట్టా చూడాలో నేను నేర్పిస్తా" అని కోటయ్య ముందు సీట్లో సర్దుకున్నాడు. "అన్సారూ, ఎడమకి కొట్టు."

ఎడమకి వాగుంది. అన్సార్ ఎడమకే తిప్పాడు. ప్రవీణ్ కుమార్ ఫోను జేబులో దాచేసి, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, రెండు కాళ్లూ సీటు మీదికి పెట్టుకున్నాడు.