నీలం కారుకి మెరుగు

మా నాయన కొయ్యసామానుకి పాలిష్ పట్టేవాడు. నెల్లూరులో చర్చి బల్లలు, వకీళ్ల బీరువాలు, పెద్దిళ్ల ఉయ్యాల బల్లలు ఆయన చేతిమీదుగా చాలా వెళ్లాయి. లక్కని స్పిరిట్‌లో నానబెట్టి, దూదిని మెత్తటి పాతగుడ్డలో ఉండగా చుట్టి, దాన్ని లక్కలో అద్ది, కొయ్య మీద మెల్లగా రుద్దుకుంటూ పోయేవాడు. మగపిల్లలు లేరు. థర్డ్ ఫారంతో నా చదువు ఆగిపోయాక నేనే ఆయన పక్కన కూర్చుని రుద్దేదాన్ని. ఎంత నొక్కాలో, ఎక్కడ చెయ్యి ఎత్తెయ్యాలో ఆయన మాటల్లో చెప్పిన గుర్తు లేదు. నా చేతి మీద తన చెయ్యి పెట్టి రెండుసార్లు తిప్పేవాడు. అంతే పాఠం.

నన్ను కార్లకి రంగులు వేసే ఆయనకిచ్చి పెళ్లి చేశారు. మా ఆయన మద్రాసులో పని నేర్చుకుని, పాత కంప్రెసర్ ఒకటి కొనుక్కుని నెల్లూరు వచ్చేశాడు. ట్రంకు రోడ్డు పక్కన రేకుల షెడ్డు, దాని వెనక మేముండే గది, వంటకి చిన్న పంచ. యాభయ్యో దశకం ముగిసిపోతున్న రోజులవి. ఊళ్లో కార్లు తక్కువ. డాక్టర్లవి, వకీళ్లవి, రైసుమిల్లుల వాళ్లవి, గూడూరు నుంచి వచ్చే అభ్రకం వ్యాపారులవి. అందుకని మా ఆయనకి ఎక్కువగా బస్సులూ లారీలే వచ్చేవి. కారు వచ్చిన రోజు మాత్రం గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని పని మొదలుపెట్టేవాడు. నాకు షెడ్డులో ఒకటే పని. రంగు పడకుండా అద్దాల మీద పాత పేపర్లు అంటించడం.

పెళ్లయిన మూడేళ్లకి మా షెడ్డుకి ఒక నీలం కారు వచ్చింది. నీలమని యజమాని చెబితే నమ్మాల్సిందే. నా కంటికి అది బూడిద పూసిన వంకాయలా కనపడింది.

యజమాని గూడూరులో నిమ్మకాయల వ్యాపారి. సముద్రం ఒడ్డున ఆయనకి సరుగుడు తోపులున్నాయి. ఏడాదిగా కారు ఎక్కువ రోజులు అక్కడే ఉంది. ఉప్పుగాలి సరే. దాన్ని డ్రైవరు రోజూ కడిగింది కూడా ఇసకలో తవ్విన చెలమ నీళ్లతోనే, ఆ నీళ్లూ ఉప్పే. కడిగాక గోనెపట్టాతో తుడిచేవాడు. పట్టాలో ఇసక. ఎండలో నిలబెట్టి చూస్తే కారు ఒంటి నిండా సాలెగూడు అల్లినట్టు గీతలు.

"మా అమ్మ ఈ రంగు చూసే కొనమన్నాది," అన్నాడాయన మా ఆయనతో. "నెలాఖరుకి ఆమెని మద్రాసు తీసకపోవాల. ఈ కారు చూపిస్తే ఎక్కనంటాది. మళ్లీ అదే నీలం రావాల పెయింటరూ."

"పాత రంగంతా గీకేసి కొత్తది కొట్టాలయ్యా. ఆ నీలం ఇక్కడ దొరకదు. మద్రాసు నుంచి తెప్పిస్తా," అన్నాడు మా ఆయన.

రంగుకి కబురు పెట్టాడు. అది వచ్చేలోగా బస్సు పని ఒకటి చేతిలో ఉంటే అది పట్టుకున్నాడు. మూడో రోజు ఉదయం బస్సు పైన అంచుకి రంగు వేస్తూ నిచ్చెన జారి కింద పడ్డాడు. కుడిచెయ్యి భుజం దగ్గరా మణికట్టు దగ్గరా విరిగింది. ఆస్పత్రిలో కట్టు వేసి ఆరు వారాలు కదపకూడదన్నారు. ఆ వారమే మద్రాసు నుంచి ఉత్తరం వచ్చింది, ఆ నీలం ఇప్పుడు తయారు కావడం లేదని.

మా ఆయన మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం పెడితే సగం వదిలేశాడు. "గూడూరు డ్రైవరుకి కబురు పెట్టు. కారు తీసకపొమ్మను," అన్నాడు.

నేను కబురు పెట్టలేదు. షెడ్డులోకి పోయి కారు చుట్టూ రెండుసార్లు తిరిగాను. నా పాత పైట చెంగు ముక్క తడిపి తలుపు మీద రుద్ది చూశాను. గుడ్డకి నీలం అంటింది. చచ్చిపోయిన రంగు అట్లా అంటదు. మా నాయన దగ్గరికి వచ్చే పాత బీరువాలూ ఇట్లాగే ఉండేవి. పైపొర తెల్లబడి ఉండేది. దాన్ని తీసేస్తే కింద కొయ్య నిగనిగలాడేది.

గుడ్డ తీసుకుపోయి మా ఆయనకి చూపించాను.

"పాడైంది పైపొరే. కింద బాగుండాది. గీకి పారెయ్యడం ఎందుకు? మెరుగు పెడితే రాదా?"

ఆయన లేచి కూర్చున్నాడు. "కొయ్య కాదే అది. కొయ్య మీద లక్క అరిగితే ఇంకో పూత వేస్తావు. ఇక్కడ రంగు కాగితమంత మందం ఉంటాది. కాస్త ఎక్కువ రుద్దినావంటే అడుగు రేకు బయటపడతాది. ఆ నీలం మళ్లీ దొరకదు కూడా."

"ఎవురికీ కనపడని చోట జానెడు మేర చూస్తా. పాడైతే అంతటితో ఆపేస్తా."

వెనక డిక్కీ మూత కింది అంచున జానెడు చోటు చూసుకున్నాం. ఆయన స్టూలు మీద కూర్చుని చెప్పాడు, నేను చేశాను. అన్నిటికంటే సన్నరకం నీటికాగితం, అంటే తడిపి రుద్దే గరుకు కాగితం, సబ్బునీళ్లలో బాగా నానబెట్టాను. అరిగిపోయిన రబ్బరు చెప్పు ముక్కకి దాన్ని చుట్టి, ఒకే వైపు, పొడుగ్గా, మెల్లగా పోనిచ్చాను. పాలలాంటి నీలం నీళ్లు కారాయి. తరవాత రుద్దుడు మందు. అది గరుకుగా, తడిపిన సున్నంలా ఉండేది. దాన్ని మెత్తటి గుడ్డతో పట్టించి, ఆరాక ఇంకో గుడ్డతో తుడిచాను.

జానెడు చోటులో నీలం. మామూలు నీలం కాదు. పెన్నలో నీళ్లు నిండుగా పారేటప్పుడు సందెవేళకి ముందు ఏటి మధ్యలో ఒక లోతు రంగు కనపడేది, అట్లాంటిది. మా ఆయన వంగి, ఎడమచేతి వేళ్లతో తడిమి చూశాడు. వారం తరవాత ఆరోజే కడుపునిండా అన్నం తిన్నాడు.

పని ఎంతవరకు వచ్చిందో చూసిపోదామని గూడూరు డ్రైవరు వచ్చినప్పుడు ఆ జానెడు చోటు చూపించాం. ఆయన నోరు తెరుచుకుని నిలబడ్డాడు. "ఇట్టా అంతా వస్తాదా అన్నా?"

"మీ అయ్యగారితో చెప్పు. రంగు కొట్టం, ఉన్న రంగుకే మెరుగు తెస్తాం. నెలాఖరుకి ఇస్తాం. నా చెయ్యి ఇట్టా ఉండాది కాబట్టి మా ఇంట్లో చేస్తారు," అన్నాడు మా ఆయన.

గూడూరు నుంచి సరేనని జవాబు వచ్చింది. మా ఆయన నన్ను ఉద్దేశించి అన్న ఆ 'మా ఇంట్లో' మాటని వ్యాపారి, కారుని ఇంట్లో పెట్టుకుని చేస్తారని అర్థం చేసుకున్నాడని మాకప్పుడు తెలియదు.

తెల్లారి వంట ముగించి షెడ్డులోకి పోయేదాన్ని. గాజులు రంగుకి తగులుతాయని మణికట్టు నుంచి మోచేతి దాకా గుడ్డపీలికలు చుట్టుకునేదాన్ని. ముందు మంచినీళ్లు ధారగా పోసి ఇసక కారిపోనిచ్చేదాన్ని. ఎండ పడితే మందు అతుక్కుపోయి మరకలు కట్టేది. అందుకని ఎండ జరిగేకొద్దీ కారుని నీడలోకి షెడ్డులో ఇటూ అటూ తోసుకునే వాళ్లం, మా ఆయన ఒంటిచేత్తో, నేను రెండు చేతులతో. ఒక రోజు ఒక తలుపు. ఇంకో రోజు సగం పైకప్పు. భుజాలు దిగలాగేవి. ఇరుగమ్మ వచ్చి, "మొగుడు మంచాన పడితే కార్లు తోముతుండావా తల్లీ," అని నొచ్చుకుని పోయింది. ఆమె నొచ్చుకున్నంత బాధ నాకు లేదు. మళ్లీ గుడ్డ తడుపుకున్నాను.

ఎనిమిదో రోజు ముందు మడ్‌గార్డు దగ్గర తప్పు చేశాను. అక్కడ రేకు ఒంపు తిరిగి అంచులా లేచి ఉంటుంది. మెరుపు బాగా వస్తోందన్న సంబరంలో అంచు మీద కూడా చదునులో నొక్కినంతే నొక్కాను. గుడ్డ తీసేసరికి వేలి గోరంత మేర ఎర్రటి అడుగుపూత కనపడింది.

గుడ్డ కింద పడేసి పంచలోకి పోయి కూర్చున్నాను. ఏడుపు వచ్చింది. మా ఆయన చూసి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"చెప్పినారు కదా మీరు, అరిగిపోతాదని."

"నేను మద్రాసులో ఒక దొర కారుకి తలుపంతా అరగదీసినాను. మేస్త్రి రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. నీది గోరంతే. లే."

డబ్బాల అడుగున మిగిలిపోయిన రంగులన్నీ ముందు పెట్టుకున్నాడు. ఎడమచేత్తో పుల్ల పట్టుకుని, ఒక నీలంలో చుక్క నలుపు, ఇంకో చుక్క ఆకుపచ్చ కలుపుతూ, గాజుపలక మీద పూసి ఆరబెట్టి, కారు పక్కన పెట్టి చూసేవాడు. తడిగా ఉన్నప్పుడు ఒకటిగా ఉన్న రంగు ఆరాక వేరయ్యేది. రెండు రోజులు పట్టింది. చివరికి కుదిరిన రంగుని సన్న కుంచెతో నేను వేశాను. పల్చగా వేసి ఆరనిచ్చి, మళ్లీ వేసి ఆరనిచ్చి, పైన కాగితంతో చదును చేశాను. ఈసారి నా చెయ్యి గాల్లో తేలినట్టు పోయింది.

ఆఖరున తేనెమైనాన్ని టర్పెంటైనులో కరిగించి కారంతా పట్టించాను. అది మా నాయన లక్క పని ముగిశాక పైన వేసే పూత.

నెలాఖరున వ్యాపారి, ఆయన తల్లి గూడూరు నుంచి రైల్లో వచ్చి, స్టేషను నుంచి జట్కాలో దిగారు. డ్రైవరు కూడా వెంట ఉన్నాడు. పెద్దావిడ సన్నగా, నిటారుగా ఉంది. ఎవరితోనూ మాట్లాడకుండా కారు దగ్గరికి పోయింది. తలుపు మీద అరచెయ్యి ఆనించింది. తలుపులో ఆమె చీర అంచూ, తెల్లటి జుట్టూ కనపడుతున్నాయి.

"ఇదేరా నేను చూసింది. ఇదే రంగు," అంది కొడుకుతో.

వ్యాపారి చుట్టూ తిరిగి చూసి, "ఎవురు చేసినారు పెయింటరూ? మనిషిని తెప్పించినావా?" అని అడిగాడు.

"మా ఇంట్లో చేసినారయ్యా."

"మీ ఇంట్లో పెట్టుకుని చేసినారు, సరే. చేసింది ఎవురు?"

"అదేనయ్యా. మా ఇంట్లో." మా ఆయన ఎడమచేత్తో నన్ను చూపించాడు.

వ్యాపారి మొహంలో నవ్వు ఆగిపోయింది. నా చేతులకి చుట్టిన పీలికల వైపు చూశాడు. ఆయన ఏదో అనేలోపల నేనే ముందుకు వచ్చాను. లేకపోతే ఆ మాట ఎప్పటికీ చెప్పలేనని భయం వేసింది.

"అయ్యా, ముందు మడ్‌గార్డు మీద ఒకచోట ఎక్కువ రుద్దేసినాను. రంగు పోయింది. వేరే కలిపి వేసినాం. ఇప్పుడు కనపడదు గానీ రెండు మూడు ఎండాకాలాలు పోతే తేడా తెలియొచ్చు. మీకు ముందే చెప్పాల."

ఆయన వంగి వెతికాడు. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని మళ్లీ వెతికాడు. నేను వేలు పెట్టి చూపిస్తే గానీ తెలియలేదు.

"నువ్వు చెప్పకుంటే నాకు ఎప్పటికీ తెలియదు కదమ్మా," అన్నాడు చివరికి. గొంతు మెత్తబడింది.

పెద్దావిడ నా దగ్గరికి వచ్చి నా కుడిచెయ్యి తిప్పి చూసింది. వేళ్ల కొసలు నీలంగా, పగిలి ఉన్నాయి. "రాత్రిపూట వెన్న రాసుకో అమ్మణ్ణీ," అంది. తరవాత కారెక్కి కూర్చుంది.

బయల్దేరే ముందు డ్రైవరుని పక్కకి పిలిచి కారు ఎట్లా కడగాలో చెప్పాను. ఉప్పునీళ్లు వద్దు, గోనెపట్టా వద్దు, ముందు రెండు బకెట్లు ధారగా పోసి ఇసక పోయాకే గుడ్డ తగలాలి. తన తప్పు ఎత్తి చూపిస్తున్నానని అనుకుంటాడేమోనని సందేహించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"ఇన్నేళ్లు ఇంతమంది దగ్గర చేసినానక్కా. కారు కడగమన్నోళ్లే గానీ ఎట్టా కడగాలో చెప్పినోళ్లు లేరు," అన్నాడు.

మాకు పని తెచ్చిపెట్టింది ఆ డ్రైవరే. యజమానులు లోపల పనులు చూసుకుంటుంటే డ్రైవర్లు బయట చెట్టునీడన చేరి మాట్లాడుకుంటారు కదా. కోర్టు దగ్గరా, ఆస్పత్రి దగ్గరా ఆయన ఆ నీలం కారుని చూపించి మా షెడ్డు దారి చెప్పేవాడు. రెండు నెలల్లో ఒక డాక్టరుగారి నల్లకారు వచ్చింది. తరవాత వెంకటాచలం దగ్గర మిల్లున్న వాళ్లది. అందరూ ఒకేలా ఉండలేదు. ఒక వకీలు నేను తలుపు రుద్దుతుండగా చూసి, కారు అట్లాగే సగంలో తీసుకుపోయాడు. సాయంత్రం మా ఆయన, "సగం మెరుస్తూ సగం మాసి ఊరంతా తిరగతాది. చూసినోళ్లకి నీ పనేందో ఇంకా బాగా తెలుస్తాది," అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

కట్టు విప్పాక ఆయన చెయ్యి భుజం పైకి లేవలేదు. బస్సుల పైభాగాలు వదిలేసి కార్లే చూసుకున్నాడు. తను రంగు కొట్టి, రంగు చిమ్మే గన్ను కడుక్కుని, "నా వరకు అయిపోయింది. ఇక ఆమె సరేనంటేనే కారు కదిలేది," అని వచ్చిన వాళ్లతో చెప్పేవాడు. మొదట్లో తమాషాకి అన్నాడు. పోనుపోను నిజంగానే అనేవాడు.

అరవయ్యో దశకం మధ్యలో పులికాట్ వైపు నుంచి ఒకామె మా వీధికి కాపురం వచ్చింది. భర్త పడవ మీద పోయి తిరిగిరాలేదు. ఆమె వలలు అల్లిన మనిషి. నా పని చూస్తూ చాలాసేపు గుమ్మంలో నిలబడేది. ఒకరోజు, "నాకు చెప్తావా అక్కా?" అని అడిగింది. నాకు చెప్పడానికి మాటలు దొరకలేదు. ఆమె చేతి మీద నా చెయ్యి పెట్టి తడి కాగితాన్ని పొడుగ్గా రెండుసార్లు పోనిచ్చాను. మూడోసారి నా చెయ్యి తీసేశాను. ఆమె ఆగలేదు. ఏడాది తిరిగేసరికి ఇంకొకామె వచ్చి చేరింది. షెడ్డు చాలక పక్క గోడ పడగొట్టి పెంచాం. ఎండ పడకుండా, గీతలు బాగా కనపడేలా ఉత్తరం వైపు వెలుతురు రావడానికి రేకులు తీసి రెండు అద్దాలు పెట్టమని నేను అడిగితే, మా ఆయన మర్నాడే వడ్రంగిని పిలిపించాడు.