ఇత్తడి పలక మీద చెరిగిన పేరు

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇక నా వల్ల కావడం లేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెబుతున్నాను.

సౌదీలో, దమ్మామ్‌లో ఒక వర్క్‌షాపులో నేను ఫోర్‌మ్యాన్‌ని. మదీనా వైపు ఎప్పుడో ఆగిపోయిన రైలు మార్గం నుంచి ఒక పాత ఆవిరి ఇంజిన్‌ను తెచ్చారు. తుప్పు వదిలించి మ్యూజియానికి పంపాలి. ఆ మార్గానికి యూరప్‌లోని వేర్వేరు కార్ఖానాలు ఇంజిన్లు చేసి పంపాయట. చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. విడిభాగాలు అప్పట్లోనే ఒకదానివి ఒకదానికి మార్చేశారు. దీన్ని ఎవరు చేశారో చెప్పేది పక్కన బిగించిన ఇత్తడి పలక ఒక్కటే.

తుప్పు వదలడానికి గాలి ఒత్తిడితో ఇసుక కొడతాం. ముందు పలక మీద రబ్బరు షీటు కప్పి టేపు వేయాలి. ఆ పని చేసేది మస్తానన్న. కడప మనిషి, నాకంటే పెద్దవాడు, నాకీ పని నేర్పిందే ఆయన. షీటు కప్పి, టేపు అంచులు వేలితో నొక్కి చూసుకుని మధ్యాహ్నం జొహర్ నమాజుకు వెళ్లాడు.

నేనొక్కణ్ణే మిగిలాను. నాకేం పోయేకాలం వచ్చిందో! ముదీర్, అంటే మా మేనేజరు, వచ్చి చూసే వేళైంది. ఇసుకతో తోమితే మా అమ్మ ఇత్తడి బిందె ఎలా మెరిసేదో గుర్తొచ్చింది. ఇదీ ఇసుకే కదా, దూరం నుంచి ఒక్కసారి కొడితే పలక తళతళలాడుతుంది, ఆయన శభాష్ అంటాడు అనుకున్నాను. షీటు పీకాను. గొట్టం ఎత్తాను.

మెరవలేదు. పాలిపోయింది. ఎడారి గాలికి ముందే అరిగిన అక్షరాలు పూర్తిగా పోయాయి. చేత్తో తడిమాను. ఏమీ తగల్లేదు.

షీటును చెత్తలో కుక్కాను. పలక కప్పే పని ఎవరిదని ముదీర్ అరిచాడు. మస్తాన్‌ది అన్నాను. నిజమే కదా? ఆ నిజాన్ని అడ్డం పెట్టుకునే ఆయన గొంతు కోశాను.

“తమ్ముడూ, నేను కప్పినా కదప్పా. నువ్వు ఆడనే ఉంటివి. ఒక్క మాట చెప్పు.”

“నాకు గుర్తు లేదన్నా.”

ఆయనకు వీసా మీద ఫైనల్ ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేశారు. అప్పుడే నా భార్యాబిడ్డలు పక్కనున్న ఖోబర్‌కు వచ్చారు, ఇక్కడ ఉండనిచ్చే నా ఇకామా పోతే వాళ్లేమైపోతారని భయపడ్డాను. ఆయనకు మాత్రం భార్యాబిడ్డలు లేరా? ఇప్పుడు మ్యూజియంలో ఆ ఇంజిన్ పక్కన, చేసినవారి వివరాలు తెలియవని రాసి ఉంది.

పోయిన నెల మస్తానన్న ఫోన్ చేశాడు. ఊళ్లో ఏ పని పట్టినా, చేశానో లేదో నమ్మకం కుదరడం లేదట. చివరికి ఇలా అన్నాడు: “నేనే మర్చిపోయింటాలే. ఊరికే నిన్ను సాక్ష్యం అడిగి ఇబ్బంది పెడితి. మనసులో పెట్టుకోవద్దు తమ్ముడూ, మాఫ్ చెయ్.”

సరేలే అన్నా, అన్నాను. అంతకంటే నీచమైన మాట నా నోట ఎన్నడూ రాలేదు. క్షమించమని ఆయన నన్ను అడిగితే, నేను క్షమించాను!

మస్తానన్న కప్పాడు. పీకింది నేను. ఆయనకు చెప్పే ధైర్యం ఈ రోజుకీ లేదు. రాసి చూసుకుంటే మాత్రం కాస్త ఊపిరాడుతోంది.