ఇంగ్లీషు డైరీ, చల్లారిన పులుసు

నా కొంప ముంచింది తుఫాను కాదు. సముద్రం ఒడ్డున మైపాడులో పుట్టినదాన్ని ఈ మాట అంటే ఎవరూ నమ్మరు గానీ, ముంచింది నేను రాసుకున్న ఇంగ్లీషు డైరీ.

ఇంటర్ అయిపోయింది. నెల్లూరులో డిగ్రీ చదవాలని నా పట్టు.

"నీకు ఇంగ్లీషు వచ్చినాదని అయ్యగారు చెప్తే పంపిస్తా. లేదంటే మీ అమ్మతో చేపలు ఎండబెట్టు," అన్నాడు నాయన.

అయ్యగారంటే మా చర్చి పాస్టరు గారు. మా వీధి మొత్తానికి ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోగల మనిషి ఆయనొక్కరే. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోండి, నేను మర్చిపోయాను.

రోజూ ఇంగ్లీషులో డైరీ రాస్తే భాష దానంతటదే వస్తుందని ఫోన్‌లో ఒకాయన చెప్పాడు. మొదలుపెట్టాను. లేచాను, పళ్ళు తోముకున్నాను, తిన్నాను. అంతే, నా జీవితం అయిపోయింది. కోపం వచ్చినప్పుడు మాత్రం పేజీలు నిండేవి. ఇంట్లో ఎవరికీ ఇంగ్లీషు రాదన్న ధైర్యంతో మనుషుల్ని కడిగిపారేసేదాన్ని.

ఒక శనివారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టారు. చాపల మీద చుట్టాలు, ఇరుగుపొరుగు. వంటింట్లో చేపల పులుసు. పాటలు అయ్యాక అమ్మ నా డైరీ పట్టుకొచ్చింది.

"అయ్యగారూ, మా పాప రోజూ ఇంగ్లీషులో రాస్తా ఉండాది. దేవుడు చేసిన మేలు చెప్పే సాక్ష్యం లాగా చదువుతాది. పెద్ద మీటింగుల్లో దొరల ఇంగ్లీషు ప్రసంగాన్ని మాటమాటకీ తెలుగులో చెప్పినట్టు మీరు చెప్పండి."

"వద్దమ్మా!"

"సిగ్గెందుకు మే? ఇదో, ఈ పేజీ నిండా రాసినావే, ఇది చదువు."

చూస్తే, కిందటి కూడిక రోజు రాసిన పేజీ! అప్పటికప్పుడు వేరే ఇంగ్లీషు పుట్టించి చదవచ్చు కదా అంటారా? అంత వస్తే డైరీ ఎందుకు రాస్తానండీ? కాలేజీ సముద్రంలో కలిసిపోయిందనుకుని, రాసింది రాసినట్టే ఇంగ్లీషులో చదివాను.

"అయ్యగారి ప్రార్థనకు అంతు లేదు."

ఆయన నన్నొకసారి చూసి, గొంతు సవరించుకున్నారు. "దేవుని ప్రేమకు అంతు లేదు."

"స్తోత్రం!" అన్నారు అందరూ.

"ఆయన కళ్ళు తెరిచేసరికి పులుసు చల్లారిపోయింది. ఆకలికి నా కడుపు కాలిపోయింది."

"ఆకలితో ఉన్నవాళ్ళను తలుచుకుంటే నా కడుపు తరుక్కుపోయింది."

"స్తోత్రం!" మా మేనత్త కొంగుతో కళ్ళొత్తుకుంది.

"ఇంకోసారి కూడికలో కూర్చోను."

"కాలేజీ తెరిచేదాకా సండే స్కూలు పిల్లలకు నేనే పాఠం చెప్తాను."

నోరు తెరిచాను. కాదంటే అసలు అర్థం చెప్పాలి. మూసుకున్నాను.

"ఇంగ్లీషు వచ్చినట్టేనా అయ్యా?" అని అడిగాడు నాయన.

"బాగా వచ్చినాది. ప్రతి మాటా తగిలినాది. పంపించయ్యా," అన్నారు అయ్యగారు.

ఆ రోజు ముగింపు ప్రార్థన నేను కళ్ళు మూసేలోపే అయిపోయింది. వడ్డిస్తుంటే ఆయన నా వైపు వంగి మెల్లగా అన్నారు.

"పాపా, నెల్లూరు చేపల పులుసు చల్లారితేనే రుచి. నేను అంతసేపు ప్రార్థన చేసేది మీ మేలు కోరే."

పొగలు కక్కుతున్న పులుసు తిన్నాను. ముక్కకు పులుపే పట్టలేదు. ఆయన మాటే నిజం.

ఇప్పుడు నెల్లూరు హాస్టల్లో ఏ ప్రార్థనా లేకుండా వేడివేడిగా పెట్టేస్తారు. ఆ చాపలు, ఆయన గొంతు, పులుసు వాసన పీలుస్తూ ఆమెన్ కోసం ఎదురుచూడటం ఎంత గుర్తొస్తాయో చెప్పలేను. అందుకే మైపాడు సముద్రం సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకమీదట కోపమొస్తే డైరీ ముట్టుకోను. ముట్టుకున్నా, పులుసు పూర్తిగా చల్లారాక, తిన్నాకే రాస్తాను.