ఆపరేటరమ్మ బండి దిగలేదు

టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేరిన కొత్తలో సీనియరమ్మ నేర్పిన పాఠాన్ని ఆవిడ జన్మలో మరిచిపోలేదు. వచ్చిపోయే లోపం ఉంటుందే, దాన్ని వచ్చినప్పుడే పట్టుకోవాలి. పట్టుకున్నాక లైన్‌మన్ వచ్చి చూసేదాకా లైను వదలకూడదు. ఈ పాఠం ఆవిడకి ఎంతగా ఒంటబట్టిందంటే, రిటైరయ్యాక కూడా ఇంట్లో కుళాయి కారితే పనివాడు వచ్చేదాకా దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేది. వీధిలో అందరికీ ఆవిడ ఆపరేటరమ్మే.

రిటైరైనవాళ్లు మోకాళ్లు పట్టుకుని కూర్చోవడం లోకంలో ఉన్నదే. ఆవిడ భర్త, డ్రాయింగు మాస్టారు, మోటారు సైకిల్ హ్యాండిల్ పట్టుకుని కూర్చున్నారు. మామూలు బండి కాదు, దూరప్రయాణాల బండి. రెండు పక్కలా పెట్టెలు, ముందు గాలి తగలకుండా అద్దం, వెనక కూర్చునేవాళ్లు ఆనుకోవడానికి దిండు. బంధువులంతా ముక్కున వేలేసుకున్నారు. ఆవిడకి మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఎన్ని ఊళ్లకి లైన్లు కలిపిందో, వాటిలో ఒక్క ఊరూ కళ్లతో చూడలేదు. తన గొంతు వెళ్లిన చోటికల్లా తనూ వెళ్లాలని ఆవిడ ఆశ. మాస్టారు ఒక్కో ఊరే చూపించుకుంటూ వచ్చారు.

మధ్యలో ఆవిడకి తుంటి ఆపరేషన్ అయింది. ఇక బండి మూలపడ్డట్టే అనుకున్నారంతా. మాస్టారు సీట్లు కుట్టేవాడి దగ్గర కూర్చుని, గీతలు గీసి చూపించి, వెనక సీటు ఎత్తుగా, మెత్తగా చేయించారు. ఎక్కడానికి చిన్న పీట ఒకటి పెట్టెలో పెట్టారు. ఇంజను అదురుతుంటే కాలెత్తడానికి ఆవిడకి భయం. అందుకని మాస్టారు బండి ఆపే ఉంచి కాళ్లూని కూర్చునేవారు, ఆవిడ ఆయన భుజం పట్టుకుని నెమ్మదిగా ఎక్కేది, సర్దుకున్నాక ఆయన స్టార్టరు మీట నొక్కేవారు. ఇంకెవరైనా అయితే ముందు బండి స్టార్ట్ చేసి తర్వాత ఎక్కమంటారు. వీళ్లది తిరగేసిన పద్ధతి.

అప్పటినుంచే బండికి మాయరోగం పట్టుకుంది. పొద్దున ఇంటి దగ్గర బుద్ధిగా కదిలేది. దారిలో టీకి ఆగి మళ్లీ ఎక్కారా, మీట నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. ఆవిడ దిగి చెట్టు కింద కూర్చునేది, మాస్టారు కాసేపు అటూ ఇటూ కెలికేవారు, బండి ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. ఒక్కోరోజు అసలు మొరాయించేదే కాదు. వేడెక్కితే ఇలా చేస్తోందని మాస్టారు తేల్చేశారు. మెకానిక్ కూడా అదే అన్నాడు. అతన్ని అందరూ నిదానం అంటారు, ఎందుకో చెప్పనక్కర్లేదు. పాపం, బ్యాటరీ మార్చాడు, తీగలన్నీ శుభ్రం చేశాడు, సీటు ఊడదీసి కింద అంతా చూశాడు. అతని షెడ్డులో బండి ఒక్కనాడూ తప్పు చేయలేదు.

చివరికి ఒక వానలో, నిలువ నీడ లేని రోడ్డు మీద, ఆవిడ తుంటి నొప్పితో చాలాసేపు నిలబడాల్సి వచ్చింది. మాస్టారు ఇంటికొచ్చి ఒక్క మాటే అన్నారు.

"నీ కాలు కంటే నాకు బండి ఎక్కువ కాదు. అమ్మేద్దాం."

ఆ రాత్రి ఆవిడ మనసులో మెదిలింది వేరే. మోయలేక బండి మొండికేస్తోంది, మొహమాటానికి ఈయన చెప్పడం లేదు, ఈ ఇంట్లో నేనే బరువైపోయాను అనుకుంది. చూడని ఊళ్లు ఇక చూడనట్టే.

కొనేవాడు వస్తానన్న రోజు పొద్దున్నే మాస్టారు బండిని తళతళా తుడిచారు. ఆవిడ పీట తెచ్చుకుంది.

"ఒక్కసారి ఎక్కుతానండీ. ఎక్కడికీ వద్దు."

మాస్టారు కాళ్లూని ముందు కూర్చున్నారు. ఆవిడ ఎక్కింది. ప్రయాణాల మొదట్లో నిటారుగా కూర్చుని, అలిసిపోయాకే ఆనుకునే మనిషి, ఆ పొద్దున నీరసమంతా ఒంట్లోకి దిగినట్టు దిండుకి జారబడింది. మాస్టారు అలవాటుకొద్దీ మీట నొక్కారు. చప్పుడు లేదు.

"దీనికి ఇవాళే కావాలా," అన్నారు మాస్టారు. "దిగు, చూస్తాను."

"ఇంజను చల్లగా ఉంది కదండీ."

"అయితే?"

"వేడి వల్ల కాదన్నమాట. నేను దిగను. నిదానాన్ని పిలవండి."

మాస్టారు బతిమాలారు, విసుక్కున్నారు, తుంటి సంగతి గుర్తుచేశారు. ఆవిడ చెవిన పెడితేనా. పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగిచూశారు, చూడనీ అనుకుంది. నిదానం వచ్చేసరికి మాస్టారి కాఫీ రెండుసార్లు చల్లారింది.

"అక్కా, దిగితే సీటు తీసి చూస్తాను."

"నేను దిగి సీటు తీస్తే నీకు దొరకదురా తమ్ముడూ. ఇన్నిసార్లు తీశావు, దొరికిందా? పక్క రేకు విప్పి చూడు." ఆవిడ ముందుకి వంగింది. "ఇప్పుడు నొక్కండి."

సీటు కింద టక్కుమంది, బండి స్టార్టయింది. ఆపించి, వెనక్కి జారబడి మళ్లీ నొక్కమంది. ఏమీ లేదు. నిదానం నోరు తెరిచి, పక్క రేకు విప్పి, టార్చి వేసి చూశాడు. అతని జీవితంలో అంత త్వరగా మాట్లాడింది అప్పుడేనట.

"దొరికింది సార్. సీటు కింద చెక్క ఒకటి వేయించారే, అక్క ఆనుకుంటే అది దిగి స్టార్టరు తీగని నొక్కుతోంది. తీగ లోపల తెగినట్టుంది, నొక్కితే కరెంటు ఆగిపోతోంది. ఒకసారి స్టార్టయ్యాక దాంతో పనిలేదు, అందుకే నడుస్తున్నప్పుడు తెలియలేదు."

"నా బరువుకేనా?" అంది ఆవిడ, గొంతు తగ్గించి.

"మీ బరువు దీనికి లెక్కేంటక్కా. తప్పంతా ఆ చెక్కది."

ఆ చెక్క సంగతి ఆవిడకి తెలియదు. తుంటికి కుదుపు తగలకూడదని, మెత్త కుంగిపోకూడదని మాస్టారే కొలిచి గీసి, ప్రత్యేకంగా వేయించిన చెక్క అది. మాస్టారి మొహం కందగడ్డలా అయింది.

"నీ కోసమనే చేయించాను. నీ కాళ్లకే అడ్డం పడింది," అన్నారు.

ఆవిడకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఇన్నాళ్లూ తాను బరువైపోయాననుకుంటూ, ఈయన ఆరాటం మీదే కూర్చుంది. ఇలాంటి మనిషి తనకి దొరికినందుకు ఎవరికి దండం పెట్టుకోవాలో తెలియక, ఆయన వీపు మీద చెయ్యి వేసింది.

"చెక్క తీసేయమంటారా సార్?" అన్నాడు నిదానం.

"చెక్క జోలికి వెళ్లకు," ఆవిడే అంది. "తీగ మార్చి, చెక్క తగలకుండా పక్కనుంచి తీసుకెళ్లు."

అప్పుడు గానీ ఆవిడ బండి దిగలేదు. దిగీ దిగగానే కొనేవాడికి ఫోను చేసి, పాత ఉద్యోగపు గొంతుతో, బండి అమ్మడం లేదని మర్యాదగా చెప్పి పెట్టేసింది. సాయంత్రానికి నిదానం పని ముగించాడు. ఆవిడ పీట వేసుకుని ఎక్కి, ఎందుకైనా మంచిదని నిటారుగా కూర్చుంది.

"ఆనుకో," అన్నారు మాస్టారు.

ఆవిడ మొత్తం బరువు వేసి వెనక్కి ఆనుకుంది. మాస్టారు మీట నొక్కారు.