కోర్టు బోనులో వేదాంతం

పెనుకొండకూ హిందూపురానికీ మధ్య, బస్సు దిగి మైలు దూరం నడవాల్సిన ఊరు మాది. ఆ ఊళ్లో నంజిరెడ్డికి వేదాంతం పట్టింది 1954లో. అంతకు ముందు ఆయనకు పేకాట పట్టి ఉండేది. రెండూ కూర్చుని చేసే పనులే గనక ఆయనకు పెద్ద మార్పు అనిపించి ఉండదు.

ఆ వానాకాలం ధర్మవరం వైపు నుంచి ఒక ముసలి సన్న్యాసి పెనుకొండకు వచ్చి చాతుర్మాస్యం చేశాడు. రోజూ సాయంత్రం మాట్లాడేవాడు. కుండ మనకు కనిపిస్తుంది, కాబట్టి మనం కుండ కాదు. ఒళ్లు కనిపిస్తుంది, కాబట్టి ఒళ్లూ కాదు. లోపల కోపం లేవడం తెలుస్తుంది, కాబట్టి ఆ మనసూ మనం కాదు. అన్నిటినీ చూస్తూ ఉండే సాక్షి మనం. ఇది ఆయన చెప్పిన మొదటి సగం. యోగానికి మొదటి మెట్టు ఎవరినీ హింసించకపోవడం, దాన్ని ఆనుకునే నిజం చెప్పడం; ఈ మెట్టు ఎక్కనివాడు సాక్షి అనే మాట నోట పలకకూడదు. ఇది రెండో సగం. నంజిరెడ్డి మొదటి సగం విని, బస్సుకు వేళయిందని లేచి వచ్చేవాడు.

ఆ అర జ్ఞానంతోనే గురువైపోయాడు. హిందూపురం నుంచి జింకచర్మం తెప్పించి పంచలో పరిచాడు. పని లేనివాళ్లు నలుగురు చేరారు. కూలీలను పిలవడం, ఎద్దులకు మేత, చెనక్కాయ విత్తనం, అన్నీ భార్య రామసుబ్బమ్మ నెత్తిన పడ్డాయి. దానికి నంజిరెడ్డి పెట్టిన పేరు కర్తృత్వం వదులుకోవడం. తలనొప్పి వస్తే "ఈ దేహానికి తలనొప్పి వచ్చింది" అనేవాడు. కాఫీ ఆలస్యమైతే మాత్రం "నా కాఫీ యాడ?" అని కేక వేసేవాడు.

మూడేళ్ల తర్వాత ఒక పొద్దున, గొర్రెలు కాసుకునే ఉలిగప్ప మంద ఎర్రపరెడ్డి రాగిచేలో పడింది. ఎర్రపరెడ్డి నంజిరెడ్డికి దాయాది. ఉలిగప్ప గొర్రెలను తోలుకుంటూనే తప్పయిందని దండం పెడుతున్నాడు. ఎర్రపరెడ్డి కట్టె తీసుకుని ఆ దండం పెట్టిన చేతి మీదే కొట్టాడు. పక్క బావి దగ్గర కాళ్లు కడుక్కుంటున్న నంజిరెడ్డి ఇదంతా చూశాడు. చూసిన మనిషి ఆయనొక్కడే. మధ్యాహ్నం అన్నం తింటూ భార్యకు పూసగుచ్చినట్టు చెప్పాడు. ఎముక విరిగిన చప్పుడు బావి దాకా వినపడిందని, ఇంకొంచెం పప్పు వేయమని, ఒకే గుక్కలో అన్నాడు.

ఉలిగప్ప కుడిచేయి సరిగా అతకలేదు. కేసు పెట్టారు. వాడి భార్య హనుమక్క వచ్చి పంచ కింద నిలబడింది.

"సామీ, నువ్వు సూసినావంట. కోర్టులో ఆ ఒక్క మాట సెప్పు."

"సాక్షి అనేవాడు చూస్తాడే గానీ పలకడమ్మా."

"పలకనోడు సాక్షి ఎట్లయితాడు సామీ?"

నంజిరెడ్డి కండ్లు మూసుకుని నవ్వాడు. "అది సూక్ష్మం. నీకు అర్థం కాదులే" అన్నాడు. పంచలో ఉన్న నలుగురూ తలలూపారు. వాళ్లకు ఏం అర్థమైందో ఎవరూ అడగలేదు.

సమన్లు వచ్చాయి. ఇస్త్రీ పంచె కట్టుకుని పెనుకొండకు పోయి బోనెక్కాడు.

"ఎర్రపరెడ్డి కొట్టడం మీరు చూశారా?" అని మేజిస్ట్రేటు అడిగాడు.

"కండ్లు చూసింటాయి స్వామీ. నేను కండ్లు కాదు."

"ఆ కండ్లు ఎవరివి?"

"దేహానివి."

"దేహం ఎవరిది?"

"పంచభూతాలది."

ప్లీడర్లు నవ్వారు. ఆ నవ్వు తన పాండిత్యానికి వచ్చిన మెప్పనుకున్నాడు నంజిరెడ్డి. చూశారా లేదా, ఒక్క మాటలో చెప్పమని మేజిస్ట్రేటు గొంతు పెంచితే, చూసేదీ చూడబడేదీ రెండూ లేని స్థితి గురించి మొదలుపెట్టాడు. ఇక చాలు, దిగమన్నారు. ఉలిగప్ప మాటకు తోడు వేరే సాక్ష్యం లేక కేసు కొట్టేశారు. ఆ సాయంత్రం ఎర్రపరెడ్డి తన బండిలోనే ఆయన్ను ఊరికి తీసుకొచ్చాడు. పంచభూతాల సొత్తైన ఆ దేహం మెత్తగా పరిచిన గడ్డి మీద కూర్చుని వచ్చింది.

రామసుబ్బమ్మ గడపలోనే అడిగింది. "ఆపొద్దు ఎముక విరిగిన సద్దు ఇనపడె అని నాకు చెప్పితివే. ఆ మాట ఆడ చెప్పేకి ఏమొచ్చె నీకు?"

"దాయాదితో పగ పెట్టుకొని ఈ ఊర్లో బతికేదెట్లనే?" అనేశాడు. అని, వెంటనే సర్దుకుని, "పగా ప్రేమా లేనిదే ఆత్మ" అని కలిపాడు.

ఆమె పేర పుట్టింటివాళ్లిచ్చిన రెండెకరాల చేను ఉండేది. ఒకరోజు బస్సెక్కి పోయి దాన్ని ఉలిగప్ప, హనుమక్కల పేర రిజిస్టరు చేయించి వచ్చింది.

విషయం తెలిసిన నంజిరెడ్డి జింకచర్మం మీంచి లేచిన వేగం మా ఊరు ఇంకా చెప్పుకుంటుంది.

"ఎవురి సొత్తనుకొని రాసిస్తివే? నా ఇల్లు, నా పరువు, నా భూమి!"

"నీ భూమి కాదు. మా నాయన నాకిచ్చింది."

"నన్నడక్కుండా ఎట్ల ఇస్తావు?"

"సాక్షి ఊరకే చూస్తాడంటివే. చూడు మరి."

విరిగిన చెయ్యి మిథ్య అయిన మనిషికి రెండెకరాల ఎర్రమన్ను పరమ సత్యమైంది. వీధి వీధంతా బయటికొచ్చింది. రోజూ తలలూపే నలుగురు మాత్రం చెప్పులు వెతుక్కుంటూ జారుకున్నారు.

అంత అవమానమయ్యాక ఊళ్లో ఉండలేక హిందూపురం పోయాడు. బెల్లం మండీ వ్యాపారి ఒకాయన తన ఇంట్లో ఒక గది ఇచ్చాడు. ఆ ఊరు ఆయన్ను నెత్తిన పెట్టుకుంది. కోర్టులో తాను అద్వైతం బోధించిన కథను ప్రతి ప్రవచనంలోనూ చెప్పేవాడట. ఎర్రపరెడ్డీ ఉలిగప్పా ఆ కథలో ఉండరు. మేజిస్ట్రేటు మాత్రం చివర చేతులు జోడిస్తాడు. వినేవాళ్లు చప్పట్లు కొట్టేవాళ్లు. కొట్టిందెవరు, దెబ్బ తిన్నదెవరు అని అడిగిన పెద్దమనిషి ఒక్కడూ లేడు. పొద్దంతా తక్కెడ దగ్గర కూర్చునేవాళ్లకు, సాయంత్రం తాము కర్తలం కాదని వినడం హాయిగానే ఉంటుంది.

1963లో బెంగళూరు నుంచి ఒక కుర్ర యోగి వచ్చాడు. వాడు శీర్షాసనం వేస్తూ ఇంగ్లీషు మాట్లాడేవాడు. నంజిరెడ్డికి రెండూ రావు. మండీ వ్యాపారి గది ఖాళీ చేయమన్నాడు.

చంకలో జింకచర్మంతో ఇంటికొచ్చిన మొగుడికి రామసుబ్బమ్మ అన్నం పెట్టింది. మరునాడు జొన్నచేలో చిలకలు తోలే పని చెప్పింది. మంచె మీద కూర్చుని కునికేవాడు. ఆ యేడు చిలకలు బాగా తిన్నాయి.

ఆయన పోయింది 1966 ఎండాకాలంలో. హిందూపురం నుంచి ఒక దండ వచ్చింది, మనుషులెవరూ రాలేదు. శవం లేచే వేళకు ఉలిగప్ప తువ్వాలు భుజాన వేసుకుని బయల్దేరుతుంటే హనుమక్క అడ్డం నిలబడింది.

"యాడికి పోతాండావు? ఆయప్ప మట్టికా?"

"ఊరంతా పోతాండారు. మనం పోకుంటే బాగుండదు" అని ఉలిగప్ప ఎడమచేత్తో తలుపు దగ్గరికి వేసి, వీధిలోకి నడిచాడు.